కొలెస్ట్రాల్ తగ్గాలంటే పప్పు ఎంత తినాలి, దేని బదులు తినాలి

"రోజూ పప్పు తింటూనే ఉన్నాం కదా, మరి కొలెస్ట్రాల్ ఎందుకు పెరిగింది?"

రెండేళ్ల కిందట నా రక్తపరీక్ష రిపోర్టు చూసి మా అమ్మ అడిగిన మాట ఇది. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 152 వచ్చింది. మా ఇంట్లో మాంసం ఆదివారం మాత్రమే వండుతారు, పప్పు లేని పూట ఉండదు. అమ్మ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ, మా వంటింట్లో చేసి చూసిందీ కలిపి వరసగా రాస్తున్నాను. ప్రొటీన్ పొడి డబ్బాలు కొనే పని లేదు. కందులు, పెసలు, శనగలు, ఉలవలు, పల్లీలు చాలు. కాకపోతే ఎంత తినాలి, దేన్ని తీసేసి తినాలి అన్నది తెలియాలి. ఈ రెండో సంగతే చాలామంది వదిలేస్తారు.

1. ముందు రిపోర్టు చేతిలోకి తీసుకోండి

మొత్తం కొలెస్ట్రాల్ అంకె దగ్గర ఆగిపోకండి. మనం తినే తిండితో బాగా కదిలేది, గుండె రక్తనాళాల్లో పేరుకునేది ఎల్‌డీఎల్. డెసీలీటరు రక్తంలో అది 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. 130 నుంచి 159 దాకా ఉంటే హద్దు మీద ఉన్నట్టు. 160 దాటితే ఎక్కువ. 190 దాటిందంటే అది వంశపారంపర్యంగా వచ్చి ఉండొచ్చు, పప్పుతో సరిచేద్దామని రోజులు గడపకుండా డాక్టర్ని కలవండి. షుగరు ఉన్నవాళ్లకూ, స్టెంటు పడ్డవాళ్లకూ ఈ హద్దులు ఇంకా తక్కువ.

అదే కాగితంలో ట్రైగ్లిజరైడ్స్ అనే వరస కూడా ఉంటుంది, రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు అది. అది 150 దాటి ఉంటే గుర్తుపెట్టుకోండి, అన్నం దగ్గర మళ్లీ దాని గురించి మాట్లాడుకుందాం.

2. మీ ఇంట్లో పప్పు తూచండి

ఈ పని ఒక్క రోజు చేస్తే చాలు, కానీ తప్పకుండా చేయండి. పిండి తూచుకునే చిన్న కాటా ఉంటే సరే, లేకపోతే కిరాణా కొట్లో తూయించుకోండి.

మా అమ్మ పప్పు పోసేది ఒక స్టీలు గ్లాసుతో, తలకొట్టుగా. తూస్తే 140 గ్రాములు వచ్చింది. ఇంట్లో మేం ఐదుగురం. పొద్దున వండిన ఆ పప్పే రాత్రికి కూడా. అంటే పూటకు మనిషికి వచ్చేది 14 గ్రాముల పచ్చి పప్పు, చెంచాడు! అదే పూట బియ్యం మూడు గ్లాసులు, మనిషికి దాదాపు 95 గ్రాములు. పప్పుకు ఏడింతల బియ్యం. కందిపప్పులో ప్రొటీన్ నూటికి 22 గ్రాములు. ఆ లెక్కన రెండు పూటలా కలిపి మాకు పప్పు నుంచి అందుతున్నది 6 గ్రాములు. గిన్నె నిండా కనిపించేదంతా నీళ్లూ, టమాటా, చింతపండూనూ. పప్పుచారు పెట్టిన రోజు ఇంకా తక్కువ.

అమ్మ కాటా వంక చూసి, "ఇంతేనా మనం తినేది!" అంది. ఆ మాటతోనే ఆవిడ ప్రశ్నకు సగం జవాబు దొరికింది.

3. ఎంత కావాలో లెక్క వేసుకోండి

పెద్దవాళ్లకు బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని మన దేశపు లెక్క. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కేలరీలు తినేవారికి పప్పుధాన్యాలు 85 గ్రాములు, బియ్యం, గోధుమ, చిరుధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు అని ఉంది. మాంసం, గుడ్లు తినేవాళ్లు ఆ 85లోనే వాటినీ సర్దుకోవాలి.

ఇక కొలెస్ట్రాల్ సంగతి. 2014లో కెనడా పరిశోధకులు 26 ప్రయోగాలను ఒకచోట చేర్చి చూశారు. రోజుకు దాదాపు 130 గ్రాముల ఉడికిన పప్పుధాన్యాలు తిన్నవాళ్లలో ఎల్‌డీఎల్ సగటున నూటికి 5 వంతులు తగ్గింది. ఉడికిన 130 గ్రాములంటే పచ్చివి సుమారు 50 గ్రాములు, పెద్దవాళ్ల గుప్పెడు. 2017లో అక్కడివాళ్లే మాంసం, పాల నుంచి వచ్చే ప్రొటీన్ బదులు మొక్కల ప్రొటీన్ పెట్టిన 112 ప్రయోగాలు చూస్తే, అక్కడా తగ్గుదల 4 శాతం దరిదాపుల్లోనే ఉంది.

4, 5 శాతమేనా అని నీరసపడకండి. 150 ఉన్నవాళ్లకు అది ఆరేడు పాయింట్లు, మాత్ర ఏదీ వేసుకోకుండా. పైగా ఇది తీసివేతలో మొదటి అంకె మాత్రమే. కింద చెప్పబోయే పనులు దీనికి కలుస్తాయి. పప్పు తింటే చాలు 50 పాయింట్లు పడిపోతాయని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

రోజుకు మనిషికి 50 గ్రాముల పచ్చి పప్పు దగ్గర మొదలుపెట్టి, ఒంటికి పడిన కొద్దీ 80 దాకా వెళ్లండి. మా ఐదుగురికి 50 లెక్కన దాదాపు రెండు గ్లాసులు అవుతుంది. అదంతా ఒక్క పప్పు గిన్నెలోనే పోయనక్కర్లేదు, టిఫినులో కొంత, కూరలో కొంత పంచుకోవచ్చు.

4. ఇది ఎలా పనిచేస్తుందో ఒకసారి తెలుసుకోండి

ఎందుకు తింటున్నామో తెలిస్తే పదిరోజులకు వదిలేయం. కొలెస్ట్రాల్‌ను మన కాలేయమే తయారుచేస్తుంది. కొవ్వును అరిగించే పైత్యరసాన్ని తయారుచేసేది కూడా ఆ కొలెస్ట్రాల్‌తోనే. పని అయిపోయాక ఆ పైత్యరసంలో చాలా భాగాన్ని పేగులు మళ్లీ పీల్చుకుని కాలేయానికి పంపిస్తాయి. పప్పుల్లో, ఓట్స్‌లో, బెండకాయలో ఉండే జిగురు పీచు ఆ పైత్యరసాన్ని పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోతుంది. కాలేయానికి కొత్త పైత్యరసం కావాల్సి వస్తుంది, ముడిసరుకు కోసం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లోపలికి లాక్కుంటుంది. ఇలా లాక్కోవడానికి కాలేయ కణాల మీద రిసెప్టర్లు ఉంటాయి. వాటిని కనిపెట్టినందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది.

నెయ్యి, వెన్న, మాంసం కొవ్వు, కొబ్బరినూనె, పామాయిల్‌లో ఉండే సంతృప్త కొవ్వు ఆ రిసెప్టర్లను తగ్గించేస్తుంది. అప్పుడు ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది. మటన్ బదులు శనగలు తిన్న రోజు రెండు లాభాలు ఒకేసారి జరుగుతాయి, కొవ్వు తగ్గుతుంది, పీచు పెరుగుతుంది. మటన్ తిని పైన శనగలు కూడా తింటే రెండోది మాత్రమే జరుగుతుంది, ఒళ్లు అదనంగా పెరుగుతుంది.

5. కంచంలోంచి ఏది తీయాలో నిర్ణయించుకోండి

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే, మా ఇంట్లో గొడవైంది కూడా దీని దగ్గరే.

ముందు అన్నం. పప్పు పెంచి అన్నం అలాగే ఉంచితే కేలరీలు పెరుగుతాయి. మనవాళ్లలో ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువగా, మంచిదనే హెచ్‌డీఎల్ తక్కువగా కనిపించడానికి పాలిష్ బియ్యం గుట్టలుగా తినడం ఒక ముఖ్యమైన కారణం. గరిటె అన్నం తీసేసి గరిటె ముద్దపప్పు వేసుకోండి. అంతే, ఇంకే లెక్కా వద్దు. పూర్తిగా అన్నం మానేయమని నేను చెప్పను. ప్రొటీన్ తయారయ్యే ముక్కల్లో బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. పప్పన్నం మన పెద్దవాళ్లు కలిపిన జోడీ, కాకపోతే పాళ్లు మారాలి.

తర్వాత నెయ్యి. నెయ్యిలో సగానికి పైన సంతృప్త కొవ్వే. మొదటి ముద్దకొకటి, రెండో ముద్దకొకటి, రాత్రికొకటి వేస్తే మూడు చెంచాలు, 15 గ్రాములు. ఎల్‌డీఎల్ ఎక్కువ ఉన్న మనిషికి రోజు మొత్తానికి ఉండాల్సిన సంతృప్త కొవ్వు 11 నుంచి 13 గ్రాములే అనుకుంటే, ఈ నెయ్యే అందులో ముప్పాతిక వంతు తినేస్తోంది. మా ఇంట్లో మధ్యాహ్నం ముద్దపప్పులో ఒక్క చిన్న చెంచా మిగిలింది. ఆవకాయ అన్నంలో నెయ్యి వద్దన్న రోజు నాన్నగారు అలిగారు. ఆయన ఎల్‌డీఎల్ 98, ఆయన్ని ఆయన దారిన వదిలేశాం. అందరికీ ఒకే నియమం పెట్టకండి.

శాకాహారులకు ఇక్కడ ఒక మాట. పనీర్ శాకాహారమే కానీ మొక్కల నుంచి వచ్చింది కాదు, అది పాల కొవ్వుతో కలిసి వచ్చే ప్రొటీన్. మాంసం ముట్టని ఇళ్లలో కూడా ఎల్‌డీఎల్ పెరగడానికి మీగడ పెరుగు, నెయ్యి, పనీర్ కూరలు, బేకరీ పఫ్‌లు చాలు. పనీర్ బటర్ మసాలా బదులు శనగల కూర చేసుకోండి. డాల్డాతో చేసిన మిఠాయిలు, బిస్కెట్లు అయితే పూర్తిగా పక్కన పెట్టేయండి.

మాంసాహారులు తగ్గించాల్సింది ముందు మటన్, బోటీ, తలకాయ కూర. చేపల పులుసు తగ్గించక్కర్లేదు, అది ఉండనివ్వండి. ఆదివారం మటన్ మానలేమంటే ముక్కలు సగానికి తగ్గించి శనగపప్పు గానీ దోసకాయ గానీ వేసి వండండి. దాల్చా తినేవాళ్లకు ఇది కొత్తేం కాదు.

6. టిఫిను దగ్గర మొదలుపెట్టండి

మధ్యాహ్నం భోజనం మార్చడం కంటే పొద్దున్న మార్చడం తేలిక. ఇడ్లీలో మినప్పప్పు ఒక పాలు, రవ్వ రెండు పాళ్లు. దోసెలో ఒకటికి మూడు. పూరీ, బియ్యపు రవ్వ ఉప్మాల్లో పప్పు దాదాపు లేదు. పెసరట్టు అయితే దాదాపు అంతా గింజతోనే చేసేది.

పెసలు పొట్టుతోనే రాత్రి నానబెట్టండి, పొట్టు తీసిన పప్పు వద్దు, పొట్టులో చాలా పీచు ఉంది. మనిషికి 50 గ్రాముల పెసలు, నలుగురికి గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర. మరీ మెత్తగా రుబ్బకండి. పెనం బాగా కాలాక నీళ్లు చిలకరించి ఉల్లిపాయ సగంతో రుద్ది, అప్పుడు పిండి వేస్తే అట్టు చుట్టూ పావు చెంచా నూనె చాలు. మధ్యలో ఉప్మా పెట్టొద్దు, సన్నగా తరిగిన ఉల్లిపాయలు చల్లండి. అల్లప్పచ్చడిలో బెల్లం తక్కువ. ఈ ఒక్క టిఫినుతో ఆ రోజుకు కావాల్సిన 50 గ్రాముల పప్పు అయిపోతుంది.

మిగతా రోజుల్లో అలసందల అట్టు, మొలకెత్తిన పెసలు, ఓట్స్‌లో సగం పెసరపప్పు వేసి చేసిన పొంగలి. గారెలు, మిర్చి బజ్జీ, పకోడీ కూడా పప్పూ శనగపిండే కదా అంటారు. నూనెలో వేగినవి ఈ లెక్కలోకి రావు.

7. ఉలవలు పారేయకండి

దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మన దగ్గర ఇది తరతరాలుగా జరుగుతున్న నష్టం. ఉలవలు ఉడకబెట్టి, ఆ కట్టుతో మనం చారు కాచుకుని, ఉడికిన గింజల్ని ఎద్దులకు పెట్టేవాళ్లు. ఎద్దు దుక్కి దున్నాలి, దాని బలం దానికి కావాలి, తప్పులేదు. ఇప్పుడు ఇంట్లో ఎద్దులు లేవు, గింజలు చెత్తబుట్టలోకి పోతున్నాయి. ఉలవల్లో నూటికి 22 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంది, పీచూ దండిగా ఉంది, అందులో ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది. హోటళ్లలో ఉలవచారు మీద వెన్నో మీగడో వేసి ఇస్తారు. బలమైన గింజ పారేసి, దాని నీళ్లలో వెన్న కలుపుకుని తాగుతున్నామన్నమాట.

రాత్రంతా నానబెట్టిన ఉలవల్ని కుక్కర్లో మెత్తబడే దాకా ఉడికించండి, మిగతా గింజల కంటే వీటికి రెండు మూడు విజిల్స్ ఎక్కువ పడతాయి. కట్టు వంచి చారు పెట్టుకోండి. గింజల్లో సగాన్ని రుబ్బి ఆ చారులోనే కలపండి, చిక్కదనం దానంతటదే వస్తుంది, మీగడ అక్కర్లేదు. మిగతా సగానికి ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, వెల్లుల్లి తాలింపు వేసి ఉల్లిపాయ ముక్కలతో సాయంత్రం తినండి. ఆంధ్రలో వీటిని గుగ్గిళ్లంటారు, తెలంగాణలో గుడాలంటారు. బొబ్బర్లు, శనగలు, రాజ్మా, ఎండు బఠానీ అన్నిటితోనూ ఇదే పద్ధతి.

శ్రావణమాసంలో వాయనాల శనగలు ఇంటి నిండా వచ్చి పడతాయి. వాటిని ఎవరికో ఇచ్చేయకుండా ఉడకబెట్టి పొట్లాలు కట్టి ఫ్రీజర్లో పెట్టుకుంటే వారం పది రోజులు సాయంత్రం చిరుతిండి వెతుక్కోనక్కర్లేదు.

8. మీల్ మేకర్, పల్లీలు, కూరగాయలు

మీల్ మేకర్ సోయా పిండితో చేసేది, ఎండువి 25 గ్రాములు వేసుకుంటే 13 గ్రాముల ప్రొటీన్. సోయా గురించి ఒకప్పుడు చాలా ఆశ పెట్టుకున్నారు. 1995లో వచ్చిన ఒక పరిశోధన ఎల్‌డీఎల్ దాదాపు 13 శాతం తగ్గుతుందని చెప్పింది. 1999లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ రోజుకు 25 గ్రాముల సోయా ప్రొటీన్ గుండెకు మేలని ప్యాకెట్ల మీద రాసుకోనిచ్చింది. తర్వాత వచ్చిన ప్రయోగాల్లో అంత తగ్గుదల కనపడక, 2017లో ఆ అనుమతిని వెనక్కి తీసుకుంటామని అదే సంస్థ ప్రతిపాదించింది. ఇప్పుడు తేలింది 3, 4 శాతమే. కాబట్టి సోయాను మందులా చూడొద్దు, వారానికి రెండు మూడుసార్లు మటన్ స్థానంలో వండుకోండి. వేడినీళ్లలో వేసి, ఉబ్బాక గట్టిగా పిండి, ఆ నీళ్లు పారబోస్తే పచ్చివాసన పోతుంది. నూనెలో వేయించకుండా నేరుగా కూరలో వేయండి.

రోజుకు గుప్పెడు పల్లీలో బాదంపప్పో, 30 గ్రాములకు మించకుండా. పల్లీల్ని వేయించి, ఉప్పు లేకుండా. టిఫినులోకి కొబ్బరి చట్నీ బదులు పల్లీ చట్నీ చేస్తే ఆ గుప్పెడు అక్కడే వచ్చేస్తుంది.

టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెన్‌కిన్స్ బృందం 2003లో చేసిన ఒక ప్రయోగం నాకు బాగా ధైర్యమిచ్చింది. సోయా, బాదం, ఓట్స్, బార్లీ, మొక్కల స్టెరాల్స్ (కొలెస్ట్రాల్‌ను పేగులు పీల్చుకోకుండా అడ్డుకునే మొక్కల పదార్థాలు) కలిపిన మార్జరిన్ అనే వెన్నలాంటి పదార్థం, వీటితోపాటు మన బెండకాయ, వంకాయ! ఇవన్నీ కలిపి నెలరోజులు పెడితే ఎల్‌డీఎల్ 28.6 శాతం తగ్గింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేసుకున్న జట్టులో 30.9 శాతం. అయితే అది పరిశోధకులే తిండి అందించి చేసిన ప్రయోగం, పాల్గొన్నది 46 మందే. తర్వాత ఇదే తిండిని ఇళ్లలో ఎవరికి వారు వండుకుని తిన్నప్పుడు ఆరు నెలలకు 13 శాతం చిల్లర తగ్గింది. ఇంట్లో చేసే మనలాంటివాళ్లం ఈ రెండో అంకెను మనసులో పెట్టుకోవాలి. మొక్కల ప్రొటీన్, జిగురు పీచు, గింజలు, అన్నీ తోడైతేనే అంత వచ్చింది.

9. కడుపు ఉబ్బరం రాకుండా

చాలామంది పదో రోజున ఆపేసేది దీనివల్లే. ఒకేసారి రోజుకు 28 గ్రాముల నుంచి 80కి వెళ్లొద్దు. వారానికి 10, 15 గ్రాముల చొప్పున పెంచండి. గింజలు కనీసం ఎనిమిది గంటలు నానాలి, నానిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికించండి. ఇంగువ, జీలకర్ర, అల్లం, వాము మన తాలింపుల్లో ఉన్నవే. పెసరపప్పుతో మొదలుపెట్టి, కంది, శనగ, చివరికి రాజ్మా, ఉలవల దగ్గరికి రండి. నీళ్లు బాగా తాగండి, నీళ్లు లేకుండా పీచు పెంచితే మలబద్ధకం వస్తుంది.

10. వీళ్లు ముందు డాక్టర్ని అడగాలి

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పప్పు పెంచే ముందు తప్పకుండా అడగండి, ప్రొటీనుతోపాటు పొటాషియం కూడా లెక్కలోకి వస్తుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఆ మాత్రకూ సోయాకూ మధ్య నాలుగు గంటలు ఎడం పాటించండి, లేకపోతే మాత్ర సరిగా ఒంటబట్టదు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు అన్నం బాగా తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు, డోసు చూడమనండి.

ఇప్పటికే స్టాటిన్ వాడుతున్నవాళ్లు పప్పు తింటున్నాం కదా అని మాత్ర ఆపకండి. ముఖ్యంగా గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంటు ఉన్నవాళ్లు. ఇది నేను చేతులు జోడించి చెబుతున్న మాట. మా బంధువుల్లో ఒకాయన ఉలవలు, వెల్లుల్లి నమ్ముకుని చెప్పకుండా మాత్రలు మానేశారు, మళ్లీ ఆస్పత్రిలో చేరాకే ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తెలిసింది. తిండి మార్చుకోండి, మాత్ర కూడా వేసుకోండి, అంకె తగ్గితే డోసు సంగతి డాక్టరు చూస్తారు.

11. మూడు నెలలకు మళ్లీ పరీక్ష

ఆరు వారాల్లోనే మార్పు మొదలవుతుంది కానీ, నిలకడగా తెలియాలంటే పన్నెండు వారాలు ఆగండి. అదే ల్యాబులో, అదే విధంగా, పొద్దున పరగడుపున ఇస్తే పోల్చుకోవడం తేలిక. పెళ్లిళ్లు, పండగలు అయిన మర్నాడు మాత్రం వెళ్లకండి.

ఈలోగా వంటింటి గోడ మీద క్యాలెండర్లో రోజూ ఒక్క అంకె రాయండి, ఆ రోజు ఇంట్లో ఎన్ని గ్లాసుల పప్పు పోశారో. మా అమ్మ రాసింది. మొదటి వారం ఒకటి, ఒకటి, ఒకటిన్నర. రెండో నెలకు రెండు గ్లాసులు దాటింది, బియ్యం మూడు గ్లాసుల నుంచి రెండుకు వచ్చింది. మూడు నెలల తర్వాత నా ఎల్‌డీఎల్ 133. ఇంకా 100 లోపుకు రాలేదు, ఇంకా దిగాలి. క్యాలెండర్ గోడ మీదే ఉంది, నిన్నటి గడిలో "2 గ్లా., ఉలవలు" అని రాసి ఉంది.